రాజా దీన్ దయాళ్

మనుష్యుని జ్ఞాపకశక్తి మిక్కిలి చంచలమైనది. నిన్న చూచిన ముఖమే నేడు మసకగా తోచును. నూరేండ్ల క్రిందటి పెద్దలు ఎట్లుండిరో, వారు నడచిన వీధు లెట్లుండెనో ఊహించుటయే గాని చూచుట సాధ్యము కాదు. ఈ లోపమును తీర్చుకొనుటకు మానవుడు అనాదినుండి యత్నించుచునే యున్నాడు. శిల్పి రాతిలోను, చిత్రకారుడు గోడపైనను, కవి కావ్యములోను తాము చూచిన లోకమును నిలిపిరి. పందొమ్మిదవ శతాబ్దములో వీరికి తోడుగా మరియొక కళ పుట్టెను. దానికి వెలుగే కుంచె. వెండి లవణములే రంగులు. అదియే ఛాయాచిత్రకళ. 1839లో ఫ్రాన్సు దేశమున డగేర్ అను నతడు తన పద్ధతిని లోకమునకు వెల్లడించెను. కొలదికాలములోనే ఈ కళ సముద్రముల దాటి భారతదేశమునకు వచ్చెను.

ఆ విదేశీయకళను స్వాధీనము చేసికొని, అందు పాశ్చాత్యులకు దీటుగా నిలిచి, హైదరాబాదు సంస్థానపు వైభవమును, వైభవము వెనుకనున్న బీదల బాధను గూడ గాజుపలకలపై చిరస్థాయిగా నిలిపిన మహనీయుడు రాజా దీన్ దయాళ్.

దీన్ దయాళ్ 1844వ సంవత్సరములో ఉత్తర హిందూస్థానమున మీరట్ నగరమునకు సమీపమునందలి సర్ధనా అను పట్టణములో జన్మించెను. వీరిది జైన కుటుంబము. నగల వర్తకము వారి కులవృత్తి. వజ్రమునందలి సన్నని చారను, బంగారునందలి కొంచెపు కల్తీని కంటితోనే కనిపెట్టవలసిన వృత్తి అది. అట్టి యింట పుట్టిన బాలునికి సూక్ష్మదృష్టి పుట్టుకతోనే అలవడియుండుటలో వింత లేదు. ఆయనకు పదుమూడేండ్ల ప్రాయమున, 1857లో, మీరట్ నగరమునందే సిపాయిలు తిరుగుబాటు ప్రారంభించిరి. పాతరాజ్యములు కూలి, క్రొత్తపాలన వేళ్లూనుచున్న కాలమది. ఆ కాలమున తెలివిగల యువకులకు క్రొత్తవిద్యలు క్రొత్తదారులను చూపుచుండెను.

దీన్ దయాళ్ తాతతండ్రుల వ్యాపారములో ప్రవేశింపలేదు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చేరెను. గంగాకాలువ వంటి గొప్ప నిర్మాణములకు కావలసిన పనివారిని తయారుచేయుటకు స్థాపింపబడిన విద్యాలయ మది. అచ్చట ఆయన కొలతలు కొలుచుటయు, కట్టడముల పటములు గీయుటయు, ఖర్చుల అంచనాలు కట్టుటయు నేర్చెను. 1866లో చదువు ముగించుకొని ఇందూరులో ప్రభుత్వ మరామతు శాఖయందు అంచనాలు వేయువానిగా, పటములు గీయువానిగా ఉద్యోగమున ప్రవేశించెను. జీతము నిలకడగా వచ్చు ఉద్యోగము, గౌరవము గలది. సామాన్యుడైనచో అంతటితో తృప్తిపడి, పింఛను పుచ్చుకొని, ఇంట కూర్చుండెడివాడు.

కాని కొలబద్దతో పటములు గీయుచున్న ఆ యువకుని మనస్సును కెమెరా ఆకర్షించెను. ఒక గోపురమును కాగితముపై యథాతథముగా గీయుటకు దినములు పట్టును. ఎంత జాగ్రత్తగా గీచినను చేయి తడబడవచ్చును. కెమెరా యన్ననో ఆ గోపురమును, దానిపై పడిన నీడను, రాళ్ల నడుమ మొలచిన గడ్డిపోచను సైతము విడువక పట్టుకొనును. ఉద్యోగము చేయుచునే తీరిక వేళలలో దీన్ దయాళ్ ఈ విద్యను అభ్యసింపసాగెను.

ఆనాడు ఛాయాచిత్రము తీయుట నేటివలె సులువైన పని కాదు. ముందుగా ఒక గాజుపలకను మచ్చలేకుండ తుడువవలెను. కొలోడియను అను జిగట ద్రవమును దానిపై పోసి, పలకను నాలుగు మూలలకును వంచి, అంతటను సమముగా పరుచుకొనునట్లు చేయవలెను. పిమ్మట చీకటిలో దానిని వెండి లవణము కరగిన నీటిలో ముంచవలెను. అప్పుడది వెలుగునకు లొంగు గుణమును పొందును. ఆ తడి ఆరకమునుపే కెమెరాలో అమర్చి చిత్రము తీయవలెను. తీసిన వెంటనే మరల చీకటిలోనికి కొనిపోయి మందునీళ్లతో కడిగి బొమ్మను వెలికి తేవలెను. ఈ పనియంతయు కొలది నిమిషములలో ముగియవలెను. పలక ఆరినచో పని చెడును. ఉత్తరదేశపు వేసవిలో ఆ తడి ఎంత త్వరగా ఆరునో చెప్పనక్కరలేదు. ఊరి బయట చిత్రము తీయవలెనన్న చీకటి గుడారము, మందు సీసాలు, గాజుపలకల పెట్టెలు, త్రాసు, మంచినీరు, బరువైన కెమెరా అన్నియు బండ్లకెత్తి మోయించుకొని పోవలసియుండెను. దారిలో ఒక్క కుదుపునకు పలక పగిలిన యెడల ఆ దినపు శ్రమ వ్యర్థమగును.

ఇన్ని కష్టములును దీన్ దయాళ్ ఓర్పు ముందు నిలువలేదు. ఇందూరు ప్రభువైన తుకోజీరావు హోల్కరు ఆయన నైపుణ్యమును మెచ్చుకొని ఆదరించెను. ఆయన మూలముగా గవర్నరు జనరలు ప్రతినిధియైన సర్ హెన్రీ డేలీ పరిచయము కలిగెను. 1875–76లో వేల్సు యువరాజు, అనగా తరువాతికాలమున ఏడవ ఎడ్వర్డు చక్రవర్తియైనవాడు, భారతదేశమున పర్యటించినపుడు ఆ పర్యటనను చిత్రించు భాగ్యము ఆయనకు లభించెను.

తరువాత డేలీ స్థానమునకు వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ పురాతన కట్టడములయందు ఆసక్తి గలవాడు. ఆయన బుందేల్‌ఖండ్ మున్నగు ప్రాంతములలో తిరుగుచు దీన్ దయాళును వెంటబెట్టుకొనిపోయెను. గ్వాలియరు కోట, ఖజురాహో దేవాలయములు, సాంచీ స్తూపము వంటి ప్రాచీన నిర్మాణములు ఈ కాలమున దీన్ దయాళ్ కెమెరాకు ఎక్కెను. రూర్కీలో నేర్చిన విద్య ఇచ్చట అక్కరకు వచ్చెను. కట్టడపు నిలువుగీతలు వంగిపోకుండ కెమెరాను ఎచ్చట నిలుపవలెనో, శిల్పము స్పష్టముగా కనుపించుటకు సూర్యుడు ఏ దిక్కున ఉండవలెనో ఆయనకు బాగుగా తెలియును. ఎనుబదికి పైగా చిత్రములతో మధ్యభారతపు ప్రసిద్ధ కట్టడములను గూర్చిన గ్రంథము 1886లో వెలువడినపుడు దీన్ దయాళ్ కీర్తి దేశదేశముల వ్యాపించెను.

ఇంతలో ఆయన జీవితమున నిర్ణయము తీసికొనవలసిన ఘడియ వచ్చెను. ఒక వంక ఇరువది సంవత్సరములు కొలిచిన ప్రభుత్వోద్యోగము. రెండవ వంక రాబడి నిశ్చయము లేని కళ. భార్యాబిడ్డలు గల గృహస్థుడు నలుబదవ యేట కొలువును విడిచి కొత్తదారి పట్టుట సాహసమే. ఆ కాలమున పేరుగల స్టూడియోలలో పెక్కు ఆంగ్లేయులవి. భారతీయుడు వారితో పోటీపడి నిలువగలడా యని సందేహించువారు లేకపోలేదు. దీన్ దయాళ్ తన చేతులలోని విద్యను నమ్ముకొనెను. సెలవు పెట్టి, పిమ్మట కొలువు చాలించి, ఛాయాచిత్రకళనే జీవనముగా స్వీకరించెను.

ఆ సాహసము ఫలించెను. 1885లో రాజప్రతినిధి డఫరిన్ ప్రభువు ఆయనను తన ఛాయాగ్రాహకునిగా నియమించెను. ఇంచుమించు అదే సమయమున హైదరాబాదు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ కూడ ఆయనను తన ఆస్థానమునకు రప్పించుకొనెను. నిజాముకు అప్పటికి ఇరువది యేండ్లయినను నిండలేదు. రాజ్యాధికారమును చేపట్టి ఒక్క సంవత్సరమే అయియుండెను. యువకుడైన ప్రభువునకును, ప్రౌఢుడైన కళాకారునికిని కుదిరిన ఆ బాంధవ్యము ఇరువది సంవత్సరములు నిలిచెను. దీన్ దయాళ్ ఇందూరును వీడి సికిందరాబాదులో స్టూడియోను నెలకొల్పి, దక్కను దేశమునే తన నివాసముగా చేసికొనెను.

ఆనాటి హైదరాబాదు సంస్థానము మిక్కిలి విశాలమైనది. తెలుగు, మరాఠీ, కన్నడము మాటలాడు ప్రజలు అందు కలసియుండిరి. ఉత్తరమున గోదావరీతీరపు టేకు అడవులతో కూడిన సిర్పూరు–తాండూరు, ఎలగందల ప్రాంతములును అందలివే. 1905లో ఇవియే ఆదిలాబాదు, కరీంనగరు పేర్లతో జిల్లాలుగా ఏర్పడెను. రైలుదారి 1874లో సికిందరాబాదునకును, 1886లో వరంగల్లునకును వచ్చియుండెను. గాజుపలకల బరువైన పెట్టెలను దూరప్రాంతములకు కొనిపోవుటకు ఈ దారి ఎంతయో అనుకూలించెను.

ఆనాటి స్టూడియోలో విద్యుద్దీపములు లేవు. ఇంటి పైకప్పునకును, ఒక గోడకును అద్దములు బిగించి, తెరలను లాగుచు, వదలుచు ఎండను కావలసినంత లోపలికి రానిచ్చెడివారు. చిత్రము తీయించుకొనువారు కదలినచో ముఖము అలుకుకొనిపోవును. కావున తల కదలకుండ వెనుకనుండి ఇనుపకొయ్యతో ఆనించుటయు కలదు. ఆనాటి చిత్రములలో ఎవ్వరును నవ్వుచు కనబడకపోవుటకు ఇదియొక కారణము. నవ్వును అంతసేపు నిలిపియుంచుట ఎవ్వరికి సాధ్యము?

గాజుపలకపై వచ్చు బొమ్మలో తెలుపు నలుపుగాను, నలుపు తెలుపుగాను ఉండును. దీనినే నెగెటివు అందురు. కోడిగ్రుడ్డు తెల్లసొన పూసి, వెండి లవణముతో తడిపి ఆరబెట్టిన కాగితమును ఆ పలకకు ఆనించి ఎండలో ఉంచిన యెడల, కాగితముపై సరియైన బొమ్మ క్రమముగా ఏర్పడును. దానికి మెరుగు కలిగించి, చిరకాలము నిలుచునట్లు చేయుటకు స్వర్ణలవణపు నీటిలో కడిగెడివారు. వెండితో పుట్టి బంగారముతో పరిపూర్ణమైన ఆ చిత్రములు నేటికిని గోధుమవన్నెతో, ఊదా చాయతో చూడముచ్చటగా ఉన్నవి. వెండిని కరగించి దారములుగా సాగదీసి పువ్వులు అల్లు కరీంనగరు తీగపని జగత్ప్రసిద్ధము. అదే వెండిని వెలుగునకు వశపరచి మనుష్యుల రూపులను అల్లుట దీన్ దయాళ్ చేసిన పని. రెండింటికిని కావలసినది ఒక్కటే. తొందరపాటు లేని చేయి.

బొమ్మ వచ్చినంత మాత్రమున పని ముగిసినట్లు కాదు. అసలైన నేర్పు అటుపిమ్మట అగపడును. ఆనాటి పలకలకు నీలివెలుగు మాత్రమే బాగుగా సోకెడిది. ఎరుపును, పసుపును అవి చూడనేరవు. అందువలన నీలాకాశము వెలవెలబోయి తెల్లని కాగితమువలె కనబడును. పసుపుపచ్చని పట్టుచీర నల్లబడును. చామనచాయ ముఖము ఉన్నదానికంటె ముదురుగా వచ్చును; బుగ్గమీది చిన్న మచ్చయు పెద్దదిగా తోచును. ఈ దోషములను సవరించుటకు పనివారు నెగెటివు పలకను వెలుగునకు ఎదురుగా నిలిపి, సూదివలె చెక్కిన పెన్సిలుతో, సన్నని కుంచెతో చుక్కలు చుక్కలుగా దిద్దెడివారు. పలకపై చుక్క పెట్టినచోట కాగితముపై తెలుపు హెచ్చును. చుక్క ఒకటి ఎక్కువైనచో ముఖము మైనపు బొమ్మవలె నిర్జీవమగును; తక్కువైనచో మచ్చ మిగిలిపోవును. దుమ్మురేణువులు పడిన గుర్తులను పూడ్చుట, అంచులను చక్కదిద్దుట, కోరినవారికి కాగితపు చిత్రముపై రంగులు వేయుట ఇవన్నియు ఈ పనిలోనివే.

దిద్దుటకును మార్చుటకును భేదము కలదు. పలక చూడలేని దానిని కంటికి తోచినట్లుగా సవరించుట దిద్దుట. లేనిదానిని కల్పించుట మార్చుట. దీన్ దయాళ్ చిత్రములకు కలిగిన గౌరవము వాటి స్పష్టతవలన, సమతూకమువలన కలిగినది. జరీ అంచులోని పోగులు, తలపాగామీది మణులు, ముసలివాని నుదుటి ముడుతలు వేరువేరుగా కనుపించుచుండును. నగల వర్తకుల యింట పుట్టిన చూపు ఇట్లు వేరొక విధముగా సార్థకమయ్యెను.

స్టూడియోకు రాలేనివారిని గూర్చియు ఆయన ఆలోచించెను. ఆ కాలమున ఘోషాలో నుండు స్త్రీలు పరపురుషుని యెదుట ముసుగు తీయరు. కావున వారి చిత్రములు తీయుట దుర్లభము. 1892లో దీన్ దయాళ్ హైదరాబాదులో స్త్రీలకొరకు ప్రత్యేకముగా ఒక స్టూడియోను ఏర్పరచెను. ఎత్తైన ప్రహరీ గోడలు, లోపలికి ఎవ్వరును తొంగిచూడ వీలులేని కట్టుదిట్టములు చేయించి, కెన్నీ-లెవిక్ అను ఆంగ్లేయ వనితను ఆ స్టూడియోకు అధికారిణిగా నియమించెను. తరతరములుగా గోడల చాటున గడచిపోయిన స్త్రీల రూపములు వారి కుటుంబములకు చిత్రములుగా దక్కుట ఇట్లు సాధ్యమయ్యెను. ఆచారమును ఎదిరింపకయే దాని నడుమ నుండి త్రోవ తీయుట ఆయన వ్యవహారదక్షతకు నిదర్శనము.

నిజాము కొలువులో దీన్ దయాళ్ తీసిన చిత్రములు లెక్కకు మిక్కిలి. చార్మినారు, గోలకొండ కోట, చౌమహల్లా, ఫలక్‌నుమా భవనముల అందచందములు, దర్బారులు, విందులు, సైనిక విన్యాసములు, ఏనుగుల ఊరేగింపులు ఆయన పలకలపై నిలిచినవి. ఈ చిత్రములను చూచువారికి ఆనాటి హైదరాబాదు రత్నరాసివలె తోచును.

కాని సంస్థానమంతయు రత్నరాసి కాదు. 1899–1900లో భయంకరమైన కరవు దక్కనును పీడించెను. వానలు లేక పైరులు మాడెను, పశువులు చచ్చెను, పల్లెలు విడిచి జనులు కూలికై, కూటికై బయలుదేరిరి. సంస్థానపు పడమటి భాగమున ఔరంగాబాదు ప్రాంతములో ప్రభుత్వము సహాయపు పనులు నడిపెను. ఆ పనులను చిత్రించు భారము దీన్ దయాళ్ స్టూడియోపై పడెను. బక్కచిక్కిన దేహములతో వరుసలు కట్టిన జనమును, ఎముకలు తేలిన పిల్లలను, పనులలో కూలివారిని ఆ కెమెరా చూచెను. ఫలక్‌నుమాలోని గాజుదీపములను పట్టిన కటకమే కరవులోని కండ్లను గూడ పట్టెను. చెక్కిళ్లు దిద్దుకొన్న నవాబుల చిత్రముల ప్రక్కన దిద్దుట కేమియు లేని ఈ ముఖములను పెట్టి చూచినపుడు ఆనాటి రాజ్యపు నిజస్వరూపము తెలియును. చరిత్ర వ్రాయువారికి ఈ రెండును కావలెను. ఒకటి లేక రెండవది అసత్యమగును.

వేటచిత్రములును ఆయన స్టూడియోకు ఎంతయో పేరు తెచ్చినవి. నిజాము మహబూబ్ అలీఖాన్ గురితప్పని వేటకాడు. దేశమునకు వచ్చిన గొప్ప అతిథులను పులివేటకు కొనిపోవుట ఆనాటి మర్యాద. 1902లో రాజప్రతినిధి కర్జను ప్రభువు దంపతులు వరంగల్లు సమీపమునందలి నెక్కొండ అడవులలో వేటాడినపుడు, చంపబడిన పులితో వారిని చిత్రించినది దీన్ దయాళ్ స్టూడియోయే. ఆ చిత్రము నేటికిని ప్రసిద్ధము.

ఈ చిత్రమును చూచినపుడు ఒక సంగతి ఆలోచింపదగినది. ఆనాటి చిత్రములలో అడవిమృగములు ఇంచుమించు అన్నియు చచ్చినవే. ఇందుకు వేటపై మోజు ఒక కారణము. కెమెరాయొక్క అశక్తత రెండవ కారణము. తడిపలకకు బొమ్మ సోకుటకు పట్టపగటి ఎండలోనైనను కొన్ని క్షణములు పట్టెడిది. కోట కదలదు, రాజు కదలక కూర్చుండును, చచ్చిన పులి ఎంతసేపైనను పడియుండును. కాని పెరటిలోని మందారకొమ్మపై తోకనాడించుచు ఎగిరిపడు పికిలిపిట్ట ఒక్క నిమేషమైనను నిలువదు. అట్టి పలకపై కొమ్మ పడును, పూవు పడును, పిట్ట ఉన్నచోట పొగవంటి మరక మాత్రమే మిగులును, లేదా ఏమియు మిగులదు. రాజాధిరాజులను పట్టిన కెమెరా గుప్పెడంత పిచ్చుకను పట్టలేకపోయెను.

1871లో మాడక్స్ అను ఆంగ్లేయ వైద్యుడు జెలటినుతో చేసిన పొడిపలకల పద్ధతిని కనిపెట్టెను. 1880 ప్రాంతమునుండి ఈ పలకలు అంగళ్లలో అమ్మకమునకు వచ్చెను. చీకటి గుడారముతో పని తప్పెను. క్షణములో పదవపాలు, నూరవపాలు చాలునంతగా వేగము హెచ్చెను. దీన్ దయాళ్ తన జీవితములోనే ఈ మార్పును చూచి, క్రొత్తపద్ధతిని చేపట్టెను. ఇంగ్లండులో కియర్టన్ సోదరు లిద్దరు ఈ పలకలను కొని పొలములలోనికి పోయిరి. 1892లో వారు ఒక పక్షిగూటిని చిత్రించి, 1895లో కేవలము ఛాయాచిత్రములతోనే పక్షిగూళ్ల గ్రంథమును ప్రకటించిరి. పక్షులు బెదరకుండుటకై చచ్చిన ఎద్దు చర్మమును సహజముగా నిలుచునట్లు చేయించి, దాని కడుపులో కెమెరాతో దాగియుండిరి. బ్రదికియున్న ప్రాణిని చంపకయే చూపుట ఇట్లు ప్రారంభమయ్యెను.

నేడు కరీంనగరునందును ఆదిలాబాదునందును బడిపిల్లలు సైతము చేతనున్న చిన్న యంత్రముతో పెరటిలోని తేనెపిట్టను, జంట ఆకులను కుట్టి గూడు కట్టు కుట్టుపిట్టను రెక్కల కదలికతో సహా పట్టగలరు. పిమ్మట వెలుగునీడలను సవరించి, ఈకలను స్పష్టపరుచుకొనగలరు. నాడు పెన్సిలు కొనతో గాజుపై చేసిన పనినే నేడు వారు వ్రేలికొనతో చేయుచున్నారు. పనిముట్టు మారినది గాని ధర్మము మారలేదు. వెలుగును ఎరుగుట, ఓర్పుతో కనిపెట్టుకొనియుండుట, దిద్దవలసినంతవరకే దిద్ది ఆగుట అను మూడును నాడు దీన్ దయాళునకు ఎంత అవసరమో నేడు పిట్టను చిత్రించు బాలునికిని అంతే అవసరము.

దీన్ దయాళ్ ప్రతిభకు సన్మానములు వెదకుకొని వచ్చెను. 1893లో అమెరికాలోని చికాగో నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనములో ఆయన చిత్రములు ప్రదర్శింపబడెను. 1897లో విక్టోరియా రాణి ఛాయాగ్రాహకుడను గౌరవము దక్కెను. నిజాము ఆయనకు రాజాబహద్దరు, ముసవ్విర్ జంగ్ అను బిరుదముల నొసగెను. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. యుద్ధవీరుల కిచ్చు జంగ్ బిరుదము కత్తిపట్టని కళాకారునికి లభించుట విశేషము. 1896లో బొంబాయిలోను ఆయన ఒక గొప్ప స్టూడియోను తెరచెను. కుమారులైన జ్ఞానచంద్, ధరమ్‌చంద్ తండ్రికి కుడిభుజములై ఈ వ్యాపారమున శ్రమించిరి.

సుఖదుఃఖములు చక్రమువలె తిరుగునందురు. వయస్సు మీరిన కొలది దీన్ దయాళునకు కష్టములు ఎదురయ్యెను. చౌకయైన చేతికెమెరాలు వ్యాపించి, ఎవరి చిత్రములను వారే తీసికొను కాలము వచ్చుచుండెను. అన్నింటిని మించి 1904లో కుమారుడు ధరమ్‌చంద్ మరణించెను. వృద్ధుడైన తండ్రిని ఈ దెబ్బ క్రుంగదీసెను. మరుసటి సంవత్సరము, 1905 జులైలో, రాజా దీన్ దయాళ్ కన్నుమూసెను. స్టూడియో భారమును జ్ఞానచంద్ వహించెను.

ఆయన పోయినపిమ్మట నిజాము ప్రభుత్వము పోయినది, దర్బారులు ముగిసినవి, పల్లకులు, అంబారీలు వస్తుప్రదర్శనశాలలకు చేరినవి. కాని ఒక్క తట్టుకే పగులు గాజుపలకలు మాత్రము నిలిచినవి. దీన్ దయాళ్ వంశీయులు వాటిని తరతరములు కాపాడిరి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము 2,857 గాజు నెగెటివులను సేకరించి భద్రపరచెను. 2006లో భారత తపాలా శాఖ ఆయన స్మారకముగా తపాలాబిళ్లను వెలువరించెను. చక్రవర్తుల బొమ్మలను లోకమునకు చూపినవాని బొమ్మ ఆ బిళ్లపై దేశమంతటను తిరిగెను.

రాజా దీన్ దయాళ్ సామాన్యోద్యోగిగా జీవితమును ప్రారంభించి, స్వయంకృషిచే సాటిలేని కళాకారుడయ్యెను. పరాయిదేశమున పుట్టిన విద్యయని వెనుదీయక దానిని నేర్చెను. నేర్చినదానితో తృప్తిపడక క్రొత్త పద్ధతులు వచ్చినపుడెల్ల మరల విద్యార్థియయ్యెను. రాజు ఎదుటను, కరవుపీడితుని ఎదుటను ఒకే శ్రద్ధతో కెమెరాను నిలిపెను. ఆయన పట్టిన వెలుగు నూరేండ్లు దాటినను ఆరలేదు. శ్రద్ధతో చేసిన పని చేసినవానికంటె దీర్ఘాయువు గలదని ఆ గాజుపలకలు నేటికిని చాటుచున్నవి.